తూకానికి అందని ఎర్రచుక్క

సీతారావమ్మ చేతులు మణికట్టు దాకా టబ్బు నీళ్లలో ఉన్నాయి. టబ్బు అడుగున పాత తువ్వాలు మడతలు వేసి పరిచింది. దాని మీద అద్దం వెల్లకిలా పడుకుని ఉంది. అన్నం కంచమంత వెడల్పు, రెండు వేళ్ల మందం, పైన వెండిలాంటి పూత. ఆ పూతకి గోరు తగిలిందంటే గీత పడినట్టే. అందుకని పొద్దున్నే గోళ్లు కత్తిరించుకుంది. ఉంగరం తీసి కొంగున ముడేసుకుంది. గాజులు మాత్రం తీయలేదు. తీయమని ఆయనా అనలేదు. మొగుడికి ఒంట్లో బాగా లేనప్పుడు ఏ పని కోసమైనా గాజులు తీసే ఆడది ఆ వీధిలో లేదు. వాటిని మోచేతి వైపు తోసి, మెత్తటి పాత చీర పేలికలు చుట్టి కట్టుకుంది.

దూది ఉండని నీళ్లలో ముంచి అద్దం మీద వదిలింది. చేత్తో నొక్కకూడదు. దూది తన బరువుతో తనే జారాలి. ఒక వైపుకి ఒక్కసారే లాగాలి. లాగిన దూది పారేయాలి.

"దూది మార్చావా?" అన్నాడు పక్కన కుర్చీలో కూర్చున్న రామకోటేశ్వరరావు.

"ఒకసారి గీసింది మళ్లీ ముట్టుకోలేదండీ."

ఆయన తల ఊపాడు. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ అవి పెరటి గోడ వైపు ఊరికే తిరిగి ఉన్నాయి. ఆయన చూస్తున్నది చెవులతో. దూది పడిన చప్పుడు, నీళ్లు కదిలిన చప్పుడు, ఆమె ఊపిరి బిగబట్టిన చప్పుడు కూడా ఆయనకు అందుతూనే ఉంది.

జగ్గయ్యపేట నీళ్లు ఇలాంటి పనికి పనికిరావు. కింద అంతా సున్నపురాయి. బోరు నీళ్లు బిందెలో ఒక రాత్రి ఉంటే బిందెకి తెల్లటి గార కడుతుంది. అద్దం మీద ఆ నీళ్లు ఆరితే చుక్క చుక్కకీ ఒక మచ్చ మిగులుతుంది. అందుకని మురికి పోయేదాకా మామూలు నీళ్లతో కడిగి, చివరికి బ్యాటరీల కొట్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ క్యాను ఎత్తి ధారగా పోసింది. ఆ ధార అద్దం మీద నుంచి టబ్బులోకి, టబ్బులోంచి తూములోకి పోతుంటే రామకోటేశ్వరరావు గుటక వేశాడు. ఆమె చూసింది. రెండు కిడ్నీలూ పాడయ్యాక రోజు మొత్తానికి ఆయనకు ఒక చిన్న చెంబెడు నీళ్లే. పొద్దున్నే కొలిచి గూట్లో పెడుతుంది. అలాంటి మనిషి ముందు క్యాను క్యానంతా పారబోయడం ఆమెకు పాపం చేస్తున్నట్టుగా ఉంది.

అయితే సీతారావమ్మ చేస్తున్న పాపం అది కాదు. అసలుది వేరే ఉంది. దాన్ని ఉగాది ముందు నుంచీ మోస్తోంది. ఇవాళ రాత్రిలోగా చెప్పకపోతే ఆ పాపం మూడో మనిషి నెత్తిన పడుతుంది.

*

రామకోటేశ్వరరావు వాళ్లది కాటాల కొట్టు. తాత తక్కెడలు కట్టాడు, తండ్రి ఇనప రాళ్లు అమ్మాడు, ఈయన హయాం వచ్చేసరికి కరెంటు కాటాలు వచ్చాయి. మిర్చి యార్డు వాళ్లూ, పత్తి కొనేవాళ్లూ, వడ్ల మిల్లుల వాళ్లూ కాటా తేడా వచ్చిందంటే ఈయన దగ్గరికే తెచ్చేవారు. చూసి, సరిచేసి, సర్కారు ముద్రకి పంపేవాడు. తేడా ఎటు ఉంచితే తమకు లాభమో చెప్పబోయే ఆసామికి కాటా తిరిగి ఇచ్చేసేవాడు. 'కాటా అబద్ధం ఆడదు నాయనా, కాటా పట్టుకున్న చెయ్యి ఆడుతుంది' అని వాళ్ల నాన్న అనేవాడట. కొడుకు ఆ మాట పట్టుకుని కొంతమంది బేరగాళ్లని పోగొట్టుకున్నాడు, కొంతమందిని జన్మంతా నిలుపుకున్నాడు.

ఈ మనిషి ఎలాంటివాడో నందిగామ వాళ్లకి పెళ్లినాడే తెలిసిపోయింది. సీతారావమ్మ పుట్టిల్లు నందిగామ. శ్రావణమాసం, రాత్రి ముహూర్తం, సత్రంలో పెళ్లి. ఆకాశం నిండా మబ్బు. తాళి కట్టడం అయ్యాక శాస్త్రులు గారు ఇద్దర్నీ బయటికి తీసుకొచ్చి ఉత్తరానికి వేలు చూపించి, అదిగో వశిష్ఠుడు, పక్కన అరుంధతి, కనబడిందా నాయనా అన్నారు. కనబడలేదండీ, మబ్బుంది అన్నాడు పెళ్లికొడుకు. కనబడిందని అనాలి బాబూ అన్నారు శాస్త్రులు గారు. లేనిదాన్ని ఎలా అనమంటారు అన్నాడు ఈయన. మామగారి మొహం మాడిపోయింది. మేనమామలు నవ్వాపుకోలేకపోయారు. చివరికి శాస్త్రులు గారు విసుగొచ్చి పెళ్లికూతురి వైపు తిరిగి, అమ్మా నీకు కనబడింది కదా అన్నారు. సీతారావమ్మ తల వంచుకుని కనబడిందండీ అంది. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని భోజనాలకి లేచారు. ఆనాటి నుంచి నందిగామలో ఆయన పేరు 'అరుంధతి కనబడని అల్లుడు'.

మబ్బులు తొలిగిన కార్తీకంలో ఆయన ఆమెను తెల్లవారుజామున డాబా మీదికి తీసుకెళ్లి అరుంధతిని నిజంగా చూపించాడు. అలా ఎత్తిన తల మళ్లీ దించలేదు. పాత పుస్తకాలు తెప్పించుకున్నాడు. రెండు గాజు బిళ్లలు సంపాదించి, తారు పీపా మీద ఒకదాన్ని బిగించి, దాని మీద రెండోది పెట్టి, మధ్యలో కరుకు పొడీ నీళ్లూ పోసి, పీపా చుట్టూ తిరుగుతూ నెలల తరబడి అరగదీశాడు. అదే ఈ టెలిస్కోపు అద్దం. గొట్టానికీ, దాన్ని మోసే ఇనప పీటకీ వెల్డింగు స్తెఫను సాయం పట్టాడు. డాబా మీద దానికో రేకుల గూడు కూడా కట్టిపెట్టాడు.

ఆయన చూసే చుక్కకి మనుషులు పిలిచే పేరు లేదు. పుస్తకాల్లో ఒక అక్షరం ఉంది, అంతే. సప్తర్షుల్లో మొదటివాడైన క్రతువు దగ్గర బయల్దేరి ధ్రువుడి వైపు దిగుతుంటే దారిలో కాస్త పక్కగా ఉంటుంది. వట్టి కంటికి అందదు. ఎర్రగా, నలిగిన కుంకుమ రేణువులా ఉంటుంది. ఇంత సన్నగా ఉందని చిన్నదనుకునేవు, దాన్ని తెచ్చి సూర్యుడి చోట పెడితే మన భూమి దాని పొట్టలోకి పోతుంది అని ఆయన ఆమెతో అనేవాడు. ముసలిది. ఆయాసం వచ్చిన మనిషి రొమ్ములా ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఉబ్బి తగ్గడంలో వెలుగు పెరుగుతుంది, పడిపోతుంది. కొన్ని నెలలు కాస్త బాగానే కనబడి, కొన్ని నెలలు మినుకు మినుకుమంటూ అడుగంటుతుంది. ఏ రోజున ఎంత వెలుగుందో చూసి చెప్పడమే పని. దేశంలో అక్కడక్కడ ఇలా చూసేవాళ్లు కొందరున్నారు. అందరి లెక్కలూ హైదరాబాదులో అక్షయ అనే అమ్మాయి ఒకచోట చేరుస్తుంది.

వెలుగుని ఎలా కొలుస్తారు? ఆయనకు అది కష్టమనిపించలేదు. తూకమే. ఎర్రచుక్క చుట్టూ వెలుగు మారని చుక్కలు ఉన్నాయి. వాటికి రాళ్ల పేర్లే పెట్టాడు: కిలో, అరకిలో, పావు, వంద, యాభై. ఎర్రచుక్క పావు కంటే తక్కువా, వంద కంటే ఎక్కువా? ఎక్కువైతే ఎటువైపు మొగ్గుంది? అలా తూచి, ఆ తూకాన్ని పుస్తకంలో అంకెలోకి మార్చి పంపేవాడు. పని ఇంతే. కానీ దీనికి కొన్ని నియమాలున్నాయి. నీరసంగా ఉన్న చుక్కని నేరుగా చూస్తే మాయమవుతుంది, చూపు పక్కకి పెట్టి ఓరగా పట్టుకోవాలి. ఎర్రదాన్ని తేరిపార చూడకూడదు, చూసేకొద్దీ కంటికి వెలుగు ఎక్కువ చేసి చూపిస్తుంది. నిన్న ఎంత అన్నామో తలుచుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కనబడకపోతే కనబడలేదని చెప్పాలి. ఏ రాయి దాకా కనబడిందో చెప్పి, దీనికంటే తక్కువ అని పంపితే అదీ లెక్కే. నిజం చెప్పాలంటే చుక్క అడుగంటినప్పుడు అదే అసలైన లెక్క.

ముప్పై ఏళ్ల పైనే ఆయన అలా చూశాడు. సుగర్ ముందు ఎడమ కన్ను తీసుకుంది. నిరుడు చలికాలంలో కుడి కన్ను మీద ఆవిరి పట్టినట్టయి, ఆ ఆవిరి ఇక తొలగలేదు. కిడ్నీలు అప్పటికే చేతులెత్తేశాయి. కొట్టు అమ్మేశారు. పిల్లలు లేరు. అన్నిటికీ ఊఁ అని ఊరుకున్న మనిషి, మాఘమాసంలో సప్తర్షులు లేచే వేళకి మాత్రం గోడ వైపు తిరిగి పడుకుని అన్నం మానేశాడు.

అప్పుడు సీతారావమ్మ అంది, నేను చూస్తా, మీరు నేర్పండి అని.

*

నేర్చుకుంది. ఇడ్లీ పిండి పులుపు వేలితో చెప్పగల మనిషికి, పసుపులో కల్తీ రంగు చూసి చెప్పగల మనిషికి, రెండు చుక్కల్లో ఏది ఎక్కువో చెప్పడం రాకపోదు. తల మీద నల్ల తువ్వాలు కప్పుకుని, కన్ను చీకటికి అలవాటు పడేదాకా ఆగి చూసేది. మాఘంలో ఎర్రచుక్క పావు దగ్గర ఉంది. ఫాల్గుణంలో వంద మీదికి దిగింది. ఆ తూకాలన్నీ నిజమైనవే.

ఫాల్గుణం చివర ఒకరోజు నందిగామలో డయాలసిస్ చేయించుకుని వచ్చేసరికి ఆయనకు రక్తపోటు పడిపోయింది. కాళ్లు తేలిపోతున్నాయి. పడుకోమంటే వినలేదు. స్తెఫను ఒక రెక్క, ఆమె ఒక రెక్క పట్టుకుని డాబా ఎక్కించారు. ఆమె కన్ను పెట్టింది. కిలో ఉంది, అరకిలో ఉంది, పావు ఉంది, వంద ఓరచూపుకి అందింది. ఎర్రది లేదు. తువ్వాలు సరిచేసుకుని మళ్లీ చూసింది. దాని చోట చీకటి తప్ప ఏమీ లేదు.

ఈ నెలలో వందకి కాస్త కింద ఉండాలి, ఉంది కదా అన్నాడు ఆయన. ముప్పై ఏళ్ల దాని నడక ఆయన తలలో ఉంది.

ఆమె ఆయన మొహం చూసింది. చీకట్లో కూడా తెల్లగా పాలిపోయి ఉంది. ఉందండీ అంది.

ఆ వారం ఆయన అన్నం తిన్నాడు. తర్వాతి వారం కూడా అలాగే అడిగాడు: ఇంకాస్త దిగి ఉంటుంది, కదా? దిగిందండీ అంది. తర్వాత ఆమె చూడటం కూడా తగ్గించింది. తువ్వాలు కప్పుకుని, కళ్లు మూసుకుని, కాసేపు ఆగి, ఆయన ఏం అడుగుతాడో దానికి ఔనంటే సరిపోతోంది. ఆయన దాన్ని అంకెలోకి మార్చి అక్షయకి ఫోనులో చెప్పేవాడు.

నిన్న సాయంత్రం అక్షయే ఫోను చేసింది. ఆయన ఎప్పటిలా స్పీకరు పెట్టాడు. మంగుళూరు వైపు ఫ్రాన్సిస్ అని కొత్తగా చేరినతను, మీ చుక్క నెల రోజులుగా కనబడటం లేదని పంపుతున్నాడు అంకుల్ అంది. అతని టెలిస్కోపు మీ దాని కంటే పెద్దదే. కానీ కొత్త, పక్క చుక్కని చూస్తున్నట్టున్నాడు. చూసేది ఆంటీ అయినా మీరు ఉందన్నారంటే ఉన్నట్టే, కనబడకపోతే ఉందనే మనిషి కారు మీరు. అతని లెక్కలు కొట్టేసి, ముందు చుక్కల్ని గుర్తుపట్టడం నేర్చుకోమని రాస్తా. రేపో ఎల్లుండో ఇంకొక్కసారి చూసి చెప్పండి, అప్పుడే రాస్తా.

స్టవ్ దగ్గర సీతారావమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆయన ఫోను పెట్టేసి, ఒకర్ని తప్పనే ముందు మన అద్దం శుభ్రంగా ఉండాలి, రేపు కడుగుదాం అన్నాడు.

*

సాయంత్రం స్తెఫను వచ్చాడు. ఆరిన అద్దాన్ని పసిబిడ్డలా రెండు చేతుల మీద పట్టుకుని డాబా ఎక్కాడు. గూటిలో గొట్టం అడుగున దాన్ని కూర్చోబెట్టి మరలు బిగిస్తూ, అందులోకి తొంగి చూశాడు.

"ఏందండీ కోటేశ్వర్రావు గారూ, ఇందులో నా మొహం గంపంత కనబడతంది?"

"గుంట అద్దం స్తెఫనూ. ఉన్నదాన్ని పెద్దది చేస్తుంది, అంతే. లేనిది పెట్టదు."

"అయితే మా ఆవిడకి చూపించకూడదు. ఇప్పటికే నాది పెద్ద మొహమంటది."

రామకోటేశ్వరరావు చాలా రోజులకి నవ్వాడు. స్తెఫనుకి ఆ పూట ప్రార్థన కూడిక ఉంది. చేతులు తుడుచుకుని దిగిపోయాడు. సీతారావమ్మ గొట్టంలోకి చూస్తూ మూడు మరలూ సర్ది, అద్దం నడుమ గుర్తుకి పెట్టిన మచ్చ సరిగ్గా మధ్యకి వచ్చేదాకా తిప్పింది. ఆ పని ఆమెకి బాగా వచ్చు. చేతకాక చెప్పిన అబద్ధం కాదు తనది.

చీకటి పడింది. ఊరవతల కంకర మిల్లులు ఆ పూట ఆగినట్టున్నాయి, ఉత్తరం వైపు దుమ్ము తెర పలచబడింది. సప్తర్షులు తలకిందులుగా వేలాడుతున్నారు. వాళ్ల కింద ధ్రువుడు, పొగచూరిన గూట్లో దీపంలా.

తువ్వాలు కప్పుకుంది. క్రతువుని పట్టుకుని కిందికి జరిపింది. కిలో వచ్చింది. అరకిలో, పావు. వంద ఇవాళ నేరుగానే నిలబడింది. ఓరగా చూపు పెడితే ఎన్నడూ కనబడని యాభై కూడా సూదిమొనలా వచ్చి పోయి, వచ్చి నిలిచింది. అద్దం అంత శుభ్రంగా ఉంది.

ఎర్రదాని చోటు ఆమెకు తెలుసు. అక్కడ ఏమీ లేదు. అంత పెద్దది, భూమిని మింగగలిగినది, జాడ లేదు.

"యాభై వైపు జారి ఉంటుంది. ఉంది కదా?" అన్నాడు ఆయన.

ఆమె తువ్వాలు తీసేసింది.

"లేదండీ."

"సరిగా చూడు. తొందరపడకు."

"సరిగానే చూసా. యాభై కూడా కనబడింది. అది లేదు. ఇవాళే కాదండీ, ఫాల్గుణం చివర నుంచీ లేదు."

ఆయన కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు.

"మరి ఉందన్నావుగా."

"మీరు ఉంది కదా అన్నారు. ఉందన్నా."

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అది పలకడం లేదు. మళ్లీ మళ్లీ తంతున్నారు. రామకోటేశ్వరరావు లేచాడు. ఆమె చెయ్యి అందించబోతే పక్కకి తోసి, గోడ తడుముకుంటూ మెట్ల దగ్గరికి నడిచాడు. ఆమె వెనకాలే నడిచింది, పట్టుకోలేదు. ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగి, మంచం ఎక్కి గోడ వైపు తిరిగాడు. ఆ రాత్రి గూట్లో చెంబులో మిగిలిన నీళ్లు ఆయన తాగలేదు.

*

మర్నాడు డయాలసిస్. బస్సులో నందిగామ దాకా ఆయన మాట్లాడలేదు. ఆమె టికెట్ తీసింది, సీటు చూపించింది, దిగేటప్పుడు భుజం ఇచ్చింది. భుజం పట్టుకున్నాడు, అంతవరకే. మిషను గదిలో ఆయన చేతి నుంచి రక్తం గొట్టాల్లో బయటికి పోయి, తిరిగి వస్తూ ఉంటే, ఆమె బయట బెంచీ మీద కూర్చుంది. పక్కనున్నావిడ మీ ఆయనకు ఎన్నాళ్లుగా అని అడిగింది. సీతారావమ్మకి తనేం చెప్పిందో గుర్తులేదు.

ఆమెకి భయం ఆయన కోపం గురించి కాదు. ఆయన దగ్గర ఇక మిగిలింది ఒక్కటే, కనబడకపోతే ఉందనని మనిషి అనే పేరు. కొట్టు పోయింది, కళ్లు పోయాయి, ఒళ్లు పోతోంది. ఆ ఒక్కదాన్నీ ఇంట్లో మనిషే తీసేసింది. అన్నం తినిపించడానికి చేసింది. అన్నం ఈ పూటతో అరిగిపోతుంది. పేరు అలా కాదు.

తిరుగు బస్సు ఊరు దాటుతుండగా ఆయన నోరు విప్పాడు.

"సీతా. మన పెళ్లి సత్రం ఇంకా ఉందా?"

"లేదండీ. కొట్టేసి షాపులు కట్టారు."

"ఆ రాత్రి నీకు అరుంధతి కనబడిందా?"

"మబ్బుగా. ఎలా కనబడుద్ది?"

"మరి కనబడిందన్నావు."

"శాస్త్రులు గారు కనబడింది కదా అని అడిగారు. అందరూ నా వైపే చూస్తున్నారు."

బస్సు కుదుపులకి ఆయన తల ఊగుతోంది. అలా ఊగుతూనే అన్నాడు: "నేనూ అలానే అడిగా. ఉంది కదా అని. చూసేవాడికి ఏం కనబడాలో ముందే చెప్పేయకూడదు. నీకు అన్నీ నేర్పి అదొక్కటి నేనే తప్పా. కాటా మీద వేలేసింది నేను."

ఆమెకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన ఇంకా అయిపోలేదన్నట్టు వేలు ఎత్తాడు.

"అలాగని నీది చిన్నది కాదు."

"కాదండీ," అంది.

ఇంటికి రాగానే పడుకోలేదు. ఫోను కలపమన్నాడు. అక్షయతో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, ఆమె పేరు దాచలేదు, తన ప్రశ్న దాచలేదు. ఎడమ కన్ను పోయిన నాటి నుంచి తన లెక్కలన్నీ కొట్టేయమన్నాడు. అంత వెనక్కి ఎందుకంకుల్, అప్పటివి అందరితో సరిపోయాయి కదా అంది ఆ అమ్మాయి. కాటా చెడిందని తెలిసినప్పుడు, ఏ రోజు చెడిందో తెలియకపోతే, చివరిసారి ముద్ర పడిన రోజు దాకా వెనక్కి పోవాలమ్మా అన్నాడు. ఫ్రాన్సిస్ లెక్కలు ఉంచమన్నాడు. అతనికి ఏమీ రాయొద్దన్నాడు, రాస్తే నా తరఫున ఒక్క ముక్క, నువ్వు చూసింది సరైనదే అని రాయమన్నాడు.

తర్వాత అక్షయ గొంతు మారింది. మర్యాద ఉంది, మునుపటి చనువు లేదు. ఇకపై మీ దగ్గర్నుంచి ఏదైనా వస్తే ఇంకొకరితో సరిచూశాకే తీసుకుంటానంకుల్, తప్పుగా అనుకోకండి అంది.

"అదే పద్ధతమ్మా," అన్నాడు. ముప్పై ఏళ్ల తూకాల్లో చివరి భాగం అలా పోయింది. నిజమైనవీ, అబద్ధమైనవీ కలిసే పోయాయి. మాఘంలో ఆమె కష్టపడి చూసిన పావు కూడా వాటిలోనే పోయింది.

*

ఆ సాయంత్రం ఆయన మెట్లెక్కే స్థితిలో లేడు. పైకి వెళ్లమని అనలేదు, వద్దనీ అనలేదు. చీకటి పడుతుంటే ఆమె గూట్లోంచి నల్ల తువ్వాలు తీసుకుని ఒక్కతే ఎక్కింది.

గొట్టం మూత తీసింది. కన్ను అలవాటు పడేదాకా పిట్టగోడకి ఆనుకుని నిలబడింది. ఎవరూ ఏమీ అడగని డాబా అది. నిన్న ఏం చూశానో తలుచుకోకూడదని తనకు తనే చెప్పుకుంది. క్రతువు దగ్గర మొదలుపెట్టి కిందికి వచ్చింది. ఒక్కో రాయినీ పేరు పెట్టి పలకరించింది. యాభై దగ్గర ఊపిరి బిగబట్టి, చూపు పక్కకి జరిపి, అది మూడుసార్లు వచ్చేదాకా ఆగింది. ఎర్రదాని చోటుని నేరుగా చూసింది, ఓరగా చూసింది, గొట్టాన్ని వేలితో చిన్నగా తట్టి, కదిలేటప్పుడు ఏమైనా మెరుస్తుందేమో చూసింది. కన్ను అలిసిపోతే మూసి, తెరిచి, మళ్లీ మొదటి నుంచీ చేసింది.

మూత పెట్టి, గూడు తలుపు గడియ వేసి దిగింది.

రామకోటేశ్వరరావు గోడ వైపు నుంచి ఇటు తిరిగి ఉన్నాడు. ఉందా అనలేదు. లేదు కదా అని కూడా అనలేదు.

"చెప్పు," అన్నాడు.

"కిలో, అరకిలో, పావు, వంద కనబడ్డాయి. యాభై ఓరగా చూస్తే కనబడింది, మూడుసార్లు. దాని చోట ఏమీ కనబడలేదు."

"ఆకాశం?"

"ధ్రువుడి కింద దుమ్ముంది. పైన బానే ఉంది."

ఆయన మనసులో యాభైని అంకెలోకి మార్చి ఆ అంకె ఆమెకు చెప్పాడు. ఫోను ఆమె చేతిలోనే ఉంచాడు. ఎవరి పేరు మీద చెప్పమంటారని ఆమె అడిగింది.

"చూసిందెవరు?"

ఆమె మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టుకుంది. గొంతు ఒకసారి తడబడితే చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది. "అక్షయా, జగ్గయ్యపేట నుంచి. చూసింది సీతారావమ్మ. చుక్క కనబడలేదు." తర్వాత అంకె చెప్పింది. దానికంటే తక్కువ అని చెప్పింది. ధ్రువుడి కింద దుమ్ము సంగతి కూడా చెప్పింది. సరిచూసుకున్నాకే తీసుకోమ్మా అంది.

వేలు తీసింది. సందేశం వెళ్లిన గుర్తు పడింది.

"వెళ్లిందండీ," అంది.